‘బాగుంది’ తరువాత ఏం చెప్పాలి?



సినిమా చూసి బయటకు రాగానే మనం అనే మాటలు రెండే. ఒకటి ‘సూపర్’, రెండోది ‘వేస్ట్’. ఎందుకని అడిగితే తల గోక్కుంటాం. నేను పీజీలో చేరిన మొదటి నెలలో ఒక పాఠం చదివించి, అభిప్రాయం చెప్పమన్నారు సారు. ‘బాగుంది సార్’ అన్నాను. ‘ఎందుకు బాగుంది?’ అన్నారు. అలాగే నిలబడిపోయాను. నోట్సు బట్టీపట్టడం వచ్చింది గాని, అభిప్రాయం చెప్పడం నాకు రాలేదు. రేపు గ్రూప్ డిస్కషన్‌లోనో, ఇంటర్వ్యూలోనో మీకూ ఈ ప్రశ్న ఎదురవుతుంది. అందుకే ఈ వ్యాసం.

గత సంక్రాంతి సెలవుల్లో, హాస్టల్లో కలిసి చదువుకున్న నలుగురం ఒకచోట కలిశాం. ఒక మిత్రుడి లాప్‌టాప్‌లో ‘ఓషన్స్ ఎలెవెన్’ అనే ఇంగ్లీషు సినిమా చూశాం. ఆ తరువాత జరిగిన మాటలే నాకు అసలు పాఠం అయ్యాయి.

సినిమా సంగతి

ఇది 2001 డిసెంబరులో విడుదలైంది. దర్శకుడు స్టీవెన్ సోడర్‌బర్గ్. 1960లో ఫ్రాంక్ సినాట్రా, డీన్ మార్టిన్ మొదలైనవారితో ఇదే పేరుతో వచ్చిన సినిమా దీనికి ఆధారం. కొత్తదానిలో జార్జ్ క్లూనీ, బ్రాడ్ పిట్, మాట్ డేమన్, డాన్ చీడిల్, ఆండీ గార్సియా, జూలియా రాబర్ట్స్ నటించారు.

జైలు నుంచి వచ్చిన డానీ ఓషన్ మరో పదిమందిని కూడగడతాడు. అమెరికాలోని లాస్ వేగాస్ నగరంలో బెలాజియో, మిరాజ్, ఎం.జి.ఎం. గ్రాండ్ అనే మూడు జూదశాలల డబ్బు ఒకే ఖజానాలో ఉంటుంది. దాన్ని దోచుకోవాలని పథకం వేస్తాడు. సినిమాలో ఆ మూడింటి యజమాని బెనెడిక్ట్. డానీ మాజీ భార్య టెస్ ఇప్పుడు అతనితో ఉంటుంది. కొల్లగొట్టేది 16 కోట్ల డాలర్లకు పైగా. ఎవరి ప్రాణమూ పోదు. నవ్వుతూ చూసేయవచ్చు.

నాలుగు అభిప్రాయాలు

సినిమా అయిపోగానే నేను ‘సూపర్’ అన్నాను. ఎం.కాం. చదివే మిత్రుడు కాగితం తీసుకుని లెక్క మొదలుపెట్టాడు. ‘అన్నీ వంద డాలర్ల నోట్లే అనుకో. 16 కోట్లకు 16 లక్షల నోట్లు. ఒక్కో నోటు గ్రాము. మొత్తం 1,600 కిలోలు. మన హాస్టల్‌కు వచ్చే 50 కిలోల బియ్యం బస్తాలైతే 32 అవుతాయి. వీళ్ళేమో పోలీసు వేషంలో సంచులు మోసుకుంటూ హాయిగా నడిచి వెళ్ళిపోయారు!’ అన్నాడు. ఇంకో మాట కూడా అడిగాడు. బెనెడిక్ట్ మనుషులు వ్యానులో వేసిన సంచుల్లో చివరికి డబ్బు బదులు కరపత్రాలు ఉంటాయి. అవి ఖజానాలోకి ఎలా చేరాయి? సినిమాలో ఎక్కడా చూపించలేదు. నేను గమనించనే లేదు.

ఐటిఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసిన మిత్రుడికి కరెంటు పోయే సన్నివేశం మింగుడుపడలేదు. దొంగల ముఠా ‘పించ్’ అనే యంత్రాన్ని వ్యానులో తెచ్చి, ఒక్క దెబ్బతో నగరమంతా చీకటి చేస్తుంది. కాసేపటికి దీపాలన్నీ మళ్ళీ వెలుగుతాయి. ‘అంత విద్యుదయస్కాంత తాకిడికి సామాన్లు కాలిపోతే మళ్ళీ ఎలా వెలుగుతాయిరా? బాగుచేయకుండా కరెంటు రాదు గదా’ అన్నాడు. నేను తరువాత చదివాను. ఆ సూత్రంతో పనిచేసే యంత్రం నిజంగానే ఉంది. న్యూ మెక్సికో రాష్ట్రంలోని శాండియా ప్రయోగశాలలో ఉన్న ‘జెడ్ మెషిన్’ అలాంటిదే. కాని దానికి ఒక పెద్ద భవనమే కావాలి, వ్యానులో పట్టదు.

అప్పుడు నాకు పంతం వచ్చి, ఎందుకు నచ్చిందో ఆలోచించి చెప్పాను. పదకొండు మందిని రెండు గంటల్లో పరిచయం చేయాలి, పథకం చెప్పాలి, పని జరిపించాలి. తెలిసిన తారలు ఉండడం వల్ల ముఖం కనబడగానే సగం పరిచయం అయిపోతుంది. ఒక్కొక్కరికీ ఒక్కో పని ఉంది. అందుకే ఎక్కడా విసుగు రాలేదు. ‘మరి జూలియా రాబర్ట్స్‌కు ఏం పని ఇచ్చారు?’ అని అడిగాడు ఎం.కాం. మిత్రుడు. అదే సంవత్సరం మార్చిలో ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకున్న ఆమె, ఇందులో ఇద్దరు మగవాళ్ళ మధ్య గెలుచుకునే బహుమతిలా మిగిలిపోయింది. ముఠాలో ఒక్క ఆడమనిషి లేదు. ఆ మాట ఒప్పుకున్నాను. ఆ లోటు పూడ్చినట్టుగా, ఆడవాళ్ళే దోపిడీ చేసే ‘ఓషన్స్ ఎయిట్’ 2018లో వచ్చింది.

నాలుగో మిత్రుడు

అంతవరకు నాలుగో మిత్రుడు మాట్లాడలేదు. ‘నీకు నవ్వు రాలేదా?’ అని అడిగాను. ‘నా పెట్టె గుర్తొచ్చింది’ అన్నాడు.

మేం ఇంటర్ చదివేటప్పుడు అతని ట్రంకు పెట్టెలోంచి 1,200 రూపాయలు పోయాయి. అది వాళ్ళమ్మ పత్తి ఏరిన కూలి. మేమంతా ఒక అబ్బాయి మీదే అనుమానపడ్డాం. ఆ రోజు అతను జ్వరమని కాలేజీకి రాకుండా గదిలో ఉన్నాడు. అంతకుమించి మా దగ్గర ఏ ఆధారమూ లేదు. అతని పెట్టె వెతికితే ఏమీ దొరకలేదు. అయినా భోజనాల దగ్గర అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు. నెల తిరగకుండా హాస్టల్ వదిలి వెళ్ళిపోయాడు. డబ్బు ఎవరు తీశారో ఈ రోజుకీ తెలియదు.

మిత్రుడు ఇంకా చెప్పాడు. ‘సినిమాలో పోయింది కోటీశ్వరుడి డబ్బు. అతను మంచివాడు కాడని ముందే చూపించారు. అందుకే మనకు నవ్వొచ్చింది. పోయింది కూలి డబ్బయితే నవ్వు రాదు. కాని నేను ఆలోచించేది డబ్బు గురించి కాదు. ఆ బెనెడిక్ట్‌ను చూడు. తెర మీద దొంగతనం జరుగుతుంటే కళ్ళారా చూసి నమ్మేశాడు. అది నకిలీ ఖజానాలో ముందే తీసిపెట్టిన వీడియో. అసలు ఖజానా నేల మీద కొత్తగా వేయించిన బెలాజియో గుర్తు వీడియోలో లేదని తరువాత గమనించాకే నిజం తెలిసింది. అతన్ని మోసం చేయడానికి ఒక వీడియో కావలసి వచ్చింది. మనకు ఆ వీడియో కూడా లేదురా.’

చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

మనం నేర్చుకోవలసినవి

1. ‘బాగుంది’ అన్నాక ‘ఎందుకంటే’ అని కలపండి. ఆ మాట తరువాత ఏమీ రాకపోతే మనకు ఇంకా అభిప్రాయం ఏర్పడలేదని అర్థం.

2. కారణం సినిమాలోంచో, పుస్తకంలోంచో చూపించండి. ‘కరపత్రాలు ఎలా వచ్చాయి?’ అన్నది చూపించగల కారణం. ‘హీరో మనవాడు కాదు’ అన్నది కారణం కాదు.

3. మీకు తెలిసిన పనిని వాడండి. కరెంటు పని తెలిసినవాడికి కనబడింది పీజీ చదివే నాకు కనబడలేదు. ఇంగ్లీషు రాదనో, మనది చిన్న ఊరనో వెనక కూర్చోకండి. మీకు కనబడేవి మరొకరికి కనబడవు.

4. ఎదుటివారి మాట సరైనదైతే ఒప్పుకోండి. అభిప్రాయం మార్చుకోవడం ఓటమి కాదు.

5. సినిమా మీద తప్పు అభిప్రాయం చెబితే ఎవరికీ నష్టం లేదు. మనిషి మీద చెబితే ఆ మనిషి చదువే ఆగిపోవచ్చు. అందుకని మనిషి విషయంలో ఆధారం దొరికేదాకా నోరు తెరవకండి.

తమ్ముళ్ళారా! ఆదివారం టీవీ హాల్లో సినిమా అయిపోగానే లేచి వెళ్ళిపోకండి. పది నిమిషాలు కూర్చుని ఒక్కొక్కరూ ఒక ‘ఎందుకంటే’ చెప్పండి. ఎప్పుడూ మాట్లాడనివాణ్ణి ముందు అడగండి.

ఆ అబ్బాయి ఎక్కడున్నాడో మాలో ఎవరికీ తెలియదు. ఈ సంచిక ఎవరి ద్వారానైనా అతని చేతికి చేరితే, అతని పక్కన కూర్చోని ఒకడు క్షమించమని అడుగుతున్నాడని తెలియజేయండి.