మార్సెయ్ చూడాలంటే ముందు గాలి చూడాలి

ఫ్రాన్స్ వెళ్లే మనవాళ్లలో చాలామంది పారిస్ చూసి, అటునుంచి అటే స్విట్జర్లాండ్ రైలెక్కేస్తారు. మూడు రోజులు మిగిలితే దక్షిణాన మధ్యధరా తీరంలోని మార్సెయ్‌కి వెళ్లండి. క్రీ.పూ. 600 ప్రాంతంలో గ్రీకు నావికులు స్థిరపడిన రేవు అది. అక్కడ ఏ రోజు ఏం చూడాలో గాలే చెబుతుంది. ఉత్తరం నుంచి రోన్ నది లోయ వెంట దూసుకొచ్చే ఆ గాలి పేరు మిస్ట్రాల్. అది గట్టిగా వీచిన రోజు దీవులకు పడవలు నడవవు.

1. ముందుగా సర్దుకోవాల్సినవి

మే, జూన్, సెప్టెంబరు నెలలు అనుకూలం. షెంగెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పారిస్ నుంచి టీజీవీ రైల్లో మూడు గంటల పైచిలుకు ప్రయాణం. సేంట్ షార్ల్ స్టేషన్ ముందు 104 మెట్లుంటాయి, సామాను తేలిగ్గా ఉంచుకోండి.

2. మొదటి ఉదయం పాత రేవుకు వెళ్లండి

జాలర్లు రాత్రి పట్టిన చేపల్ని పొద్దున్నే ఒడ్డునే అమ్ముతారు. నీళ్ల తొట్లలో చేపలు ఇంకా కొట్టుకుంటూనే ఉంటాయి. పక్కనే వాస్తుశిల్పి నార్మన్ ఫోస్టర్ 2013లో కట్టిన అద్దంలాంటి పందిరి. దాని కింద నిలబడి తలెత్తితే మీరూ, చుట్టూ జనమూ తలకిందులుగా కనిపిస్తారు. పర్సు మాత్రం జాగ్రత్త.

3. గాలి వీస్తే ఊళ్లోనే తిరగండి

రేవు పైన పానియే అనే పాతపేట ఉంది. ఇరుకు సందులు గాలిని చాలావరకు అడ్డుకుంటాయి. అక్కడి నుంచి ముసెమ్ మ్యూజియానికి నడిచి వెళ్లొచ్చు. జల్లెడలా చిల్లులున్న కాంక్రీటు తెర దాని చుట్టూ ఉంటుంది. ప్రదర్శనలకు టికెట్టు కావాలి కానీ మిద్దె మీదికీ, వంతెన దాటి పాత కోటలోకీ వెళ్లడం ఉచితం. మంగళవారం సెలవు.

మనకు గుర్తుండాల్సిన విషయం మరొకటి. 1910 జూలై 8న సావర్కర్ ఓడ కిటికీలోంచి దూకి తప్పించుకోబోయింది మార్సెయ్‌లోనే. ఒడ్డున ఫ్రెంచి పోలీసులు పట్టుకుని బ్రిటిష్ వాళ్లకు అప్పగించడంతో ఆ వివాదం హేగ్ న్యాయస్థానం దాకా వెళ్లింది.

4. గాలి లేకపోతే సముద్రం మీదికి

పాత రేవు నుంచి ఇఫ్ కోటకు పడవలో ఇరవై నిమిషాలు. డ్యూమా రాసిన మాంటెక్రిస్టో నవలలో కథానాయకుడిని బంధించిన చెరసాల ఇదే. మరో రోజు కలాంక్‌లకు వెళ్లండి. ఇవి తెల్లటి సున్నపురాతి కొండల నడుమకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయలు. లూమినీ దాకా బస్సులో వెళ్లి, అక్కడి నుంచి సుజిటోన్ కలాంక్‌కు గంటలోపే నడిచి చేరవచ్చు. వేసవి రద్దీలో దీనికి ముందే ఉచితంగా పేరు నమోదు చేసుకోవాలి. కార్చిచ్చు ప్రమాదముంటే దారులు మూసేస్తారు. మిస్ట్రాల్ పైనీటిని తీరం నుంచి దూరంగా నెట్టేస్తుంది, అడుగునున్న చల్లటి నీరు పైకొస్తుంది. అందుకే జూలైలో కూడా స్నానానికి దిగితే వణుకు పుడుతుంది.

5. సాయంత్రం కొండమీది చర్చికి

నోత్రదామ్ ద లా గార్డ్‌కు రేవు నుంచి 60వ నంబరు బస్సుంది. లోపల కప్పు నుంచి నావికుల కుటుంబాలు మొక్కు తీర్చుకుంటూ వేలాడదీసిన చిన్నచిన్న ఓడ బొమ్మలు చూడండి. 1944 ఆగస్టు యుద్ధంలో తగిలిన తూటాల గుర్తులు గోడల మీద ఇంకా ఉన్నాయి.

6. తిండి

చేపలు తినేవాళ్లు బుయ్యబెస్ అనే చేపల పులుసు రుచి చూడాలి. హోటళ్లవాళ్లు 1980లో రాసుకున్న నియమం ప్రకారం అందులో కనీసం నాలుగు రకాల చేపలుండాలి. ఖరీదెక్కువ, ముందే చెప్పి చేయించుకోవాలి. శాకాహారులకు పానీస్ ఉంది. ఉడికించిన శనగపిండి ముద్దను బిళ్లలుగా కోసి నూనెలో వేయిస్తారు. మన నోటికి చప్పగానే ఉంటుంది, మిరియాల పొడి అడిగి చల్లుకోండి.

చివరగా ఒక్క మాట. మూడు రోజుల పట్టిక ఇంటి దగ్గరే రాసేసుకోకండి. రోజూ రాత్రి మర్నాటి గాలి సూచన చూసుకుని, ఆ తర్వాతే పడవ టికెట్టు కొనండి.