గర్భిణీ మధుమేహం: సూదికి వెరచి అన్నం మాన్పించరాదు

ఆరవ నెల గర్భిణియైన కోడలిని వెంటబెట్టుకొని వచ్చి, సూది తప్పే చూర్ణమేదైనా ఇమ్మని అడిగే అత్తగార్లు మా అనంతపురం సీమలో ఎందరో ఉన్నారు. వారిలో ఒకామె మాట నేటికీ మరువలేను. "షుగరుందని సూది రాసినారు సామీ. సూదెందుకులే అని పది దినాలుగా రాత్రిపూట కూడు మాన్పించినా. షుగరు దిగింది" అన్నది. కోడలిని చూచినాను. బక్కపలుచని దేహం, లోతుకు పోయిన కన్నులు. షుగరు దిగిన మాట నిజమే. దానితోపాటు ఆమె బరువూ దిగినది.

చరకాచార్యుడు చికిత్సాస్థానంలో ప్రమేహ రోగులను రెండు విధాలుగా విభజించినాడు. స్థూలుడై బలం గలవానికి శోధనం, కృశించి దుర్బలుడైనవానికి బృంహణం, అనగా పోషణ. కరవు సీమలో మధుమేహం బలిసినవారికే వచ్చునన్న నియమం లేదు. కృశించిన స్త్రీ, పైగా గర్భిణి అయినప్పుడు ఆమెకు లంఘనం ఏ శాస్త్రమూ చెప్పలేదు. గర్భిణిని అంచువరకు నూనె నిండిన పాత్రవలె కదలనీయక కాపాడవలెనని ఆ ఆచార్యుడే చెప్పినాడు.

ఇన్సులిన్ రాక పూర్వం పాశ్చాత్య వైద్యులకును గత్యంతరం లేకపోయినది. అమెరికాలో అలెన్ అను వైద్యుడు రోగులను అర్ధాకలితో ఉంచి ఆయువు పొడిగించుటకు యత్నించెను. 1921లో టొరంటోలో బాంటింగు, బెస్టు ఇన్సులిన్‌ను వెలికితీసినారు. 1922 జనవరిలో లియోనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునికి అది మొదట ఇవ్వబడినది. కడుపు మాడ్చనవసరం లేని చికిత్స నాటితో వచ్చినది. అందుచేత గర్భిణికి ఇన్సులిన్‌ను శిక్షగా భావింపరాదు. ఆమె తృప్తిగా అన్నం తినుటకు అది సాధనం.

తల్లి రక్తంలోని చక్కెర మావిని దాటి బిడ్డకు చేరును; తల్లి తీసుకొన్న ఇన్సులిన్ దాదాపుగా దాటదు. చక్కెర ఎక్కువైనచో దానిని అదుపు చేయుటకు బిడ్డ తానే అధికంగా ఇన్సులిన్ తయారుచేసుకొని మితిమీరి బలియును. కాన్పు కష్టమగును. బొడ్డు కోసిన పిదప తల్లి చక్కెర ఆగిపోవును గాని బిడ్డలోని ఇన్సులిన్ వెంటనే తగ్గదు. శిశువు రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును. అందుకే పుట్టిన గంటలోపల చనుబాలు పట్టించవలెను.

మన దేశంలో అనుసరించే పరీక్ష సులభం. తిన్నా తినకున్నా 75 గ్రాముల గ్లూకోజు నీటిలో కలిపి త్రాగించి, 2 గంటల తరువాత రక్తం చూచెదరు. డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు, అంతకు మించినచో గర్భిణీ మధుమేహమే. మొదటిసారి వైద్యునికి చూపించినప్పుడే ఈ పరీక్ష చేయించి, బాగున్నను 24, 28 వారాల నడుమ మరల చేయించవలెను. చికిత్సలో పరగడుపున 95కు, భోజనమైన 2 గంటలకు 120కి లోబడి ఉంచుట లక్ష్యం. నెలలు నిండే కొద్దీ మావి నుండి వచ్చే స్రావాల వలన ఇన్సులిన్ మోతాదు పెరుగును. అది జబ్బు ముదిరిన గుర్తు కాదు. ఇదివరకే మధుమేహం ఉన్న స్త్రీ గర్భం ధరింపక మునుపే వైద్యుని కలియవలెను. బిడ్డ అవయవాలు మొదటి 8 వారాలలోనే ఏర్పడును.

పొట్టకు వేసిన సూది బిడ్డకు తగులునేమో అని చాలమంది భయం. సూది చర్మం క్రింది కొవ్వు వరకే పోవును. అసలు జాగ్రత్త వేరే ఉన్నది. సీసాపై 40 అని ఉంటే ఎర్రమూత గల 40 గుర్తుల సిరంజినే వాడవలెను. 100 గుర్తుల సిరంజితో తీసినచో మోతాదు ఐదింట రెండు వంతులకే పడిపోవును. సూది వేసుకొని అన్నం ఆలస్యం చేయరాదు. చెమట, వణుకు, కళ్లు తిరుగుట కనిపించి చక్కెర 70కి తగ్గినచో 3 చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగి, 15 నిమిషాలకు మరల పరీక్షించి, పిదప ఏదైనా తినవలెను.

మన ఎండలు 40 డిగ్రీలు దాటును. తెరవని సీసాలు ఫ్రిజ్‌లో ఉండవలెను, గడ్డకట్టే అరలో కాదు. కరెంటు నిలకడలేని ఇంట వాడుకలోని సీసాకు మట్టికుండ చాలును. పెద్ద కుండలో ఇసుక పోసి, నడుమ చిన్న కుండ నుంచి, ఇసుకను రెండుపూటలా తడపవలెను. సీసాను మూతడబ్బాలో పెట్టి లోపలి కుండలో ఉంచవలెను. మన గాలి పొడిది గనుక కుండ బాగుగా చల్లబడును.

ఆహారం మూడు పూటలు, నడుమ చిరుతిండ్లు. కొర్రన్నం, జొన్నరొట్టె, పప్పు, అనపగింజలు, ఆకుకూరలు, గుప్పెడు చెనిక్కాయలు మంచివి. సంకటి మితంగా, కూరతో కలిపి తినవలెను. పలుచని రాగిజావ చక్కెరను త్వరగా పెంచును. ఉగ్గానిలోని బొరుగులూ అంతే.

మూలికల సంగతి. తంగేడుపూల కషాయం, పొడపత్రి, మెంతిచూర్ణం ఇతరులకు ఇచ్చిన వైద్యుడనే నేను. గర్భిణికి మాత్రం ఇవ్వను. అవి కడుపులోని బిడ్డకు హాని చేయవని నిర్ధారణ కాలేదు. ప్రమేహానికి చెప్పిన నాగభస్మం సీసంతో చేసినది. సీసం మావిని దాటును. కూరలో వేసే చిటికెడు మెంతులకు అభ్యంతరం లేదు.

గర్భంతో వచ్చిన మధుమేహం చాలమందికి కాన్పుతో తగ్గి, సూది ఆగిపోవును. అప్పుడే పొరపాటు జరుగుచున్నది. శ్రీమంతంలో చలిమిడి వద్దన్న ఇంటివారే బాలింతకు బెల్లం, నెయ్యి దట్టించిన కాయం ఉండలు రోజూ పెట్టుదురు. బెల్లం మానిపించి శొంఠి, మిరియాలు అన్నంలో కలిపి పెట్టినను చాలును. 6 వారాలకు గ్లూకోజు పరీక్ష మరల చేయించి, ఆపై ఏటేటా చూపించవలెను.