తుపాకికి లేజరు దీపం: 5 మిల్లీవాట్ల హద్దు వెనుక కథ

లేజరు అనగానే మనలో చాలామందికి కంటి ఆపరేషనో, సినిమాలో విలను ఛాతీ మీద పాకే ఎర్రచుక్కో గుర్తుకొస్తుంది. ఈ వ్యాసం ఆ ఎర్రచుక్క గురించి. పౌరులు తుపాకికి తగిలించుకునే లేజరు గురికి ఇంతకు మించిన శక్తి ఉండరాదని కొన్ని ప్రభుత్వాలు హద్దు విధించాయి. పసుపు పండించే ఆర్మూరు వాళ్ళకు ఈ గొడవ ఎందుకని మిత్రులు నవ్వవచ్చు. పసుపులో అంతరపంటగా మక్క వేసే రైతు ఎవరైనా నవ్వడు. కారణం ముందు ముందు తెలుస్తుంది.

1960 మే 16న అమెరికాలో థియొడోర్ మైమన్ అనే శాస్త్రవేత్త కెంపు కడ్డీ నుండి మొట్టమొదటి లేజరు కిరణాన్ని రాబట్టాడు. మామూలు దీపం వెలుగు నాలుగు దిక్కులా చెదిరిపోతుంది. లేజరు వెలుగు ఒకే రంగులో, ఒకే దిశలో, దాదాపు సమాంతరంగా పోతుంది. ఉపయోగమంతా ఈ గుణంలోనే ఉంది, ప్రమాదమంతా కూడా ఇందులోనే ఉంది. ఎందుకంటే సమాంతరంగా వచ్చిన కిరణాన్ని మన కంటికటకం రెటీనా మీద ఒక చిన్న బిందువుగా కూడగడుతుంది. చీకట్లో విప్పారిన కంటిపాప వ్యాసం సుమారు 7 మిల్లీమీటర్లు. రెటీనా మీద పడే బిందువు సుమారు 0.02 మిల్లీమీటర్లు. 7ను 0.02తో భాగించి వర్గం చేయండి: లక్షా ఇరవై రెండు వేల రెట్లు! కంటిముందు ఉన్న వెలుగు తీవ్రత కంటి వెనుక అన్ని రెట్లు పెరుగుతుందన్నమాట.

ఒక్క మిల్లీవాటు అంటే వాటులో వెయ్యోవంతు. వినడానికి చాలా అల్పం. కాని పట్టపగలు సూర్యుణ్ణి సూటిగా చూస్తే రెటీనా మీద పడే తీవ్రతతో పోల్చి లెక్క కట్టి చూశాను. 1 మిల్లీవాటు లేజరు దానికి సుమారు 20 రెట్లు వస్తోంది. మరి ఇంతమంది చేతుల్లో ఉన్న చిన్న లేజరు కలాలు అందరినీ గుడ్డివాళ్ళను చేయలేదేం? మన రెప్ప కాపాడుతున్నది. మిరుమిట్లు గొలిపే వెలుగు పడగానే సుమారు పావు సెకనులో రెప్ప మూతబడుతుంది, తల పక్కకు తిరుగుతుంది. మనం మాటవరసకు అనే “రెప్పపాటు” లేజరు భద్రతా ప్రమాణాల్లో అచ్చంగా ఒక కొలత: 0.25 సెకను. ఆ రెప్పపాటులో కన్ను భరించగలిగే శక్తిని లెక్కకట్టి, కంటికి కనిపించే కిరణాలకు 1 మిల్లీవాటు వరకు రెండవ తరగతి అన్నారు. దానికి అయిదు రెట్లు, అనగా 5 మిల్లీవాట్ల దాకా, జాగ్రత్తతో వాడదగిన తరగతి. అక్కడినుండి పైకి పోతే రెప్ప మూసేలోపే కీడు జరిగిపోతుంది.

అమెరికాలో 1968లో వచ్చిన రేడియేషన్ నియంత్రణ చట్టం కింద 1976 నుండి లేజరు పరికరాలకు ప్రమాణం అమలులోకి వచ్చింది. దాన్ని అమలు జరిపేది పోలీసు శాఖ కాదు, ఆహార, ఔషధ పరిపాలన సంస్థ! భూమి కొలిచే సర్వేయరు పరికరం, గోడ మట్టం చూసే మేస్త్రీ పరికరం, తుపాకి గురి – మూడింటినీ ఆ సంస్థ ఒకే గంపలో వేసింది. కంటికి కనిపించే కిరణమైతే 5 మిల్లీవాట్లు మించరాదు. కనిపించని పరారుణ కిరణమైతే అన్నిటికన్నా కింది తరగతిలోనే ఉండాలి, అంటే సుమారు 0.7 మిల్లీవాటు. ఈ తేడా చాలామందికి తలకిందులుగా తోస్తుంది. కనిపించని వెలుగుకు ఇంకా కఠినమైన హద్దు ఎందుకు? కనిపించదు గనుకనే. రెప్ప మూతబడడానికి మిరుమిట్లు ఉండవు. రెటీనా కాలుతున్నా మనిషి అలాగే చూస్తూ నిలబడతాడు.

సైన్యానికి మాత్రం 1976లోనే మినహాయింపు ఇచ్చారు. అందుకే ఒకే కంపెనీ, ఒకే ఆకారంలో రెండు రకాల గురిదీపాలు తయారు చేస్తుంది. సైనికుడి దాంట్లో పరారుణ కిరణం 25 మిల్లీవాట్ల దాకా పోతే, పౌరుడిది 0.7 దగ్గర ఆగిపోతుంది. అక్కడి తుపాకి ప్రియులకు దీనిమీద చాలా కోపం. తూటా అమ్మినవాడు వెలుగును ఆపడమేమిటని వారి వాదం. వినడానికి బాగానే ఉంది, కాని ఆ వాదంలో ఒక లోపముంది. తూటా ట్రిగ్గరు నొక్కితేనే పోతుంది. గురిచూసే వెలుగు మాత్రం నొక్కకముందే, ఎటు తిప్పితే అటు, ఎదుటివాడి కంట్లోకి పోతూనే ఉంటుంది. యుద్ధంలో సైతం మనిషిని శాశ్వతంగా గుడ్డివాణ్ణి చేయడానికే తయారైన లేజరు ఆయుధాలను 1995లో వియన్నాలో కుదిరిన ప్రోటోకాల్ నిషేధించింది. అది 1998లో అమలులోకి వచ్చింది. మన దేశమూ అందులో చేరింది.

ఇక మన చేలకు వద్దాం. ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్ళల్లో మక్క కంకి పాలుపోసుకునే వేళకు అడవిపందులు దిగుతాయి. ఒక్క రాత్రిలో మడి మడంతా దున్నేసి పోతాయి. మంచె మీద కావలి, డబ్బాల మోత, టార్చిలైట్లు, తీగెలు – ఎన్ని తిప్పలో! కరెంటు తీగెలు పెట్టడం నేరమే కాక, నీళ్ళు పెట్టబోయిన రైతులే వాటికి తగిలి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ మధ్య సెలవులకు పోయినప్పుడు, లైసెన్సు తుపాకి ఉన్న మా ఊరి పెద్దమనిషి ఒకరు నన్ను పట్టుకున్నారు. “బిడ్డా, నువ్వు ఫిజిక్సు సదువుతున్నవ్ గద. గీ పచ్చలైటు తుపాకికి కట్టుకుంటె రాత్రి పంది మీద సక్కగ పడ్తదంటున్నరు. ఎంత పవరుది తేవాలె?” అని అడిగిండు.

నేను కాగితం తీసి లెక్క కట్టి చూపించాను. సాధారణ లేజరు కిరణం 100 మీటర్లు పోయేసరికి సుమారు 10 సెంటీమీటర్ల వెడల్పవుతుంది. ఈ లెక్కన 5 మిల్లీవాట్ల కిరణం 16 మీటర్లు దాటితే రెప్పపాటుకు కన్ను తట్టుకుంటుంది. 100 మిల్లీవాట్లదైతే ఆ దూరం 70 మీటర్లు, 500దైతే 160. ఎకరం మడి నలుచదరంగా ఉందనుకుంటే దాని ఒక్కో పక్క 64 మీటర్లు. “అంటే పెద్దనాయినా, 100 మిల్లీవాట్లది తెస్తే నీ మడి గట్టు దాటి అవతలి మంచె మీద కూర్చున్నోని కండ్లు కూడ నీ చేతిలనే ఉంటయి” అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. అవతలి మంచె ఆయన తమ్ముడిదే.

పైగా ఆ చుక్కను నమ్ముకుంటే పంది కూడా దొరకదు. కాంతి తిన్నగా పోతుంది, గుండు పోదు. 12 బోరు గుండు సెకనుకు సుమారు 400 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. ఆ వేగం తగ్గదనుకున్నా 100 మీటర్లకు పావు సెకను పడుతుంది. (ఇక్కడా రెప్పపాటే!) ఆలోపు అది 30 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. చిన్న గుండ్లయితే చెల్లాచెదరవుతాయి. చుక్క ఒకచోట, దెబ్బ ఒకచోట.

మన చట్టం సంగతేమిటి? ఆయుధాల చట్టం 1959 నాటిది. తుపాకి అనే మాటకు 2వ సెక్షనులో ఇచ్చిన నిర్వచనంలో శబ్దాన్ని, మంటను తగ్గించే ఉపకరణాలు కూడా చేరివున్నాయి. లేజరు ఊసు లేదు. ఎలా ఉంటుంది? చట్టం వచ్చిన మరుసటేడు గాని లేజరు పుట్టలేదు. 2019 సవరణ ఒక్కొక్కరికి ఉండదగిన తుపాకులను మూడు నుండి రెండుకు తగ్గించింది, పెళ్ళిళ్ళలో గాలిలోకి కాల్చడాన్ని శిక్షార్హం చేసింది. ఈ నిర్వచనంలోకి మాత్రం లేజరును తేలేదు. ఒకరి కన్ను పోతే అప్పుడు భారతీయ న్యాయ సంహితలోని 125వ సెక్షను, అంటే నిర్లక్ష్యంతో ఇతరుల భద్రతకు ముప్పు తెచ్చిన నేరం, పనికొస్తుంది. కన్ను పోయాక వచ్చే సెక్షను కన్నా అంగట్లోనే ఆపే హద్దు మేలని నా అభిప్రాయం. ఆస్ట్రేలియా 2008లో, విమానాల మీద లేజర్లు కొట్టిన సంఘటనల తర్వాత, 1 మిల్లీవాటు మించిన చేతి లేజర్ల దిగుమతిని కట్టడి చేసింది.

పందుల విషయానికొస్తే, పంటకు నష్టం చేసే జంతువును వేటాడడానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షను కింద అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన ఆ అనుమతి ఉన్నట్టు కాదు. ఇది కూడా ఆ పెద్దమనిషికి చెప్పాను.

ఇంకొక చిక్కు. డబ్బా మీద రాసిన అంకెను నమ్మడం ఎట్లా? అమెరికా ప్రమాణాల సంస్థ 2013లో 122 లేజరు కలాలను పరీక్షించి చూస్తే ఆకుపచ్చవాటిలో దాదాపు 90 శాతం, ఎర్రవాటిలో 44 శాతం హద్దు దాటాయి. ఆకుపచ్చవాటితో ప్రత్యేకంగా ఒక తంటా ఉంది. వాటిలో చాలావాటి లోపల మొదట పుట్టేది పరారుణ కిరణమే. దాన్ని స్ఫటికాల గుండా పంపి పచ్చగా మారుస్తారు. చవకరకంలో పరారుణాన్ని ఆపే చిన్న వడపోత అద్దం పెట్టరు. అప్పుడు పచ్చచుక్క మసకగా ఉన్నా, దానితోపాటు కనిపించనిది ధారాళంగా కారవచ్చు. చుక్క మసకగా ఉంది గదా, ఏమీ కాదులెమ్మని పిల్లలు దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుంటారు. జాతరలో కొన్న పచ్చలైటు మీద తరగతి, మిల్లీవాట్లు, తరంగదైర్ఘ్యం – ఈ మూడూ అచ్చువేసి లేకపోతే దాన్ని తుపాకికే కాదు, పిల్లవాడి చేతికీ ఇవ్వకండి.