వాలుపట్టెల మీద పవర్ టిల్లరు

ఫిజిక్సులో వాలుతలం పాఠం చదవని సైన్సు విద్యార్థి ఉండడు. ఒక దిమ్మ ఉంటుంది, నున్నటి బల్ల ఉంటుంది, ఘర్షణ లేదనుకోమంటారు. అనుకుంటాం, లెక్క కడతాం, మార్కులు వస్తాయి. ఇదే లెక్కను మన కృష్ణా డెల్టా పల్లెల్లో, కాలవలకు నీళ్ళు వదిలి దమ్ములు మొదలవగానే, రైతులు కాగితం లేకుండా చేస్తుంటారు. అక్కడ దిమ్మకు బదులు పవర్ టిల్లరు, బల్లకు బదులు రెండు చెక్క పట్టెలు. ఘర్షణ లేదనుకోవడానికి అక్కడ వీల్లేదు. లెక్క తప్పితే పోయేది మనిషి కాలో, ప్రాణమో.

టిల్లరును లారీ ఎక్కించే పనేమిటని పట్నం మిత్రులు అడగవచ్చు. అది మనిషి వెనక నడుస్తూ తోలే యంత్రం. రోడ్డు మీద దాని వేగం అంతంత మాత్రం. ఉయ్యూరు వైపు దమ్ము ముగించుకుని గుడివాడ వైపు కిరాయికి పోవాలంటే ఏదో ఒక ట్రక్కు ఎక్కించక తప్పదు. ఎక్కించాలంటే ర్యాంపు కావాలి. (మన ప్రాంతంలో ర్యాంపు అనగానే కృష్ణ ఒడ్డున ఇసుక ర్యాంపే గుర్తుకొస్తుంది. అందుకని నేను పట్టెలనే అంటాను.)

మొదటి ప్రశ్న పట్టె ఎంత పొడుగుండాలని. లారీ ట్రే నేలకు నాలుగు అడుగుల ఎత్తున ఉందనీ, టిల్లరు బరువు 400 కిలోలనీ అనుకుందాం. ఎనిమిది అడుగుల పట్టె వేస్తే వాలు 30 డిగ్రీలు. అప్పుడు యంత్రాన్ని కిందికి లాగే బలం బరువులో సగం, అంటే 200 కిలోలు. పన్నెండు అడుగుల పట్టె వేస్తే అది 133 కిలోలకు, పదహారు అడుగులదైతే 100 కిలోలకు దిగుతుంది. ఎత్తును పొడవుతో భాగించడమే, ఇంకేం లేదు. హాలండులో పనిచేసిన సైమన్ స్టెవిన్ అనే ఇంజనీరు 1586లో ఈ సంగతిని ఒక చక్కని ఊహతో నిరూపించాడు. త్రిభుజం ఆకారపు దిమ్మ చుట్టూ గుళ్ళ గొలుసు వేసినట్టు ఊహించి, ఆ గొలుసు ఎవరూ తిప్పకుండా తనంతట తాను ఎల్లకాలం తిరగడం అసాధ్యం గనుక, పొడుగు వాలు మీద ఎక్కువ గుళ్ళు, పొట్టి వాలు మీద తక్కువ గుళ్ళు సరితూగి తీరాలన్నాడు. ఒక్క సమీకరణం లేకుండా తేల్చాడు గదా!

అయితే పదహారు అడుగుల పట్టెలే వేసేస్తే పోలేదా? పోదు. యంత్రం పట్టె నడిమికి వచ్చినప్పుడు చెక్కను వంచే భ్రామకం పొడవుతోపాటు పెరుగుతుంది. పొడవు రెట్టింపైతే భ్రామకం రెట్టింపు, కుంగడం ఎనిమిది రెట్లు. దీనికి విరుగుడు మందంలో ఉంది. వెడల్పు అదే ఉంచి రెండంగుళాల చెక్కకు బదులు మూడంగుళాలది వేస్తే బలం రెండుంపావు రెట్లవుతుంది, ఎందుకంటే బలం మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. నడిమిన కింద ఒక దిమ్మ ఆనిస్తే ఇంకా మంచిది. చేవ ఉన్న తాటి పట్టె దొరికితే సరే. కాని పాత ఇంటి దూలం కోసి తెచ్చి, చెద తిన్న భాగం కిందివైపుకు తిప్పి వేసేవాళ్ళున్నారు. వంగిన చెక్కలో కిందివైపే సాగుతుంది, పగులు అక్కణ్ణుంచే మొదలవుతుంది. లక్షలు పోసి యంత్రం కొన్నవాళ్ళు చెక్క దగ్గర పొదుపు చెయ్యడం నాకెప్పుడూ అర్థం కాదు.

పట్టె పొడుగు పెంచకుండా వాలు తగ్గించే దారి ఒకటుంది. గుణదలలో పడవలరేవు స్టాపు మనందరికీ తెలుసు. ఏలూరు కాలవలో సరుకు పడవలు నడిచిన రోజుల పేరది. గట్టుకూ పడవకూ మధ్య బల్ల వేసి బస్తాలు మొయ్యడం రేవుల్లో పాత పద్ధతి. మన ఊళ్ళలో కాలవ గట్లకు, మెరకలకు కరువు లేదు. లారీని సమతలం మీద ఉంచి, వెనక భాగాన్ని గట్టి మెరక వైపు తిప్పి నిలిపితే, నాలుగడుగుల ఎత్తు రెండడుగులకు వస్తుంది. అదే ఎనిమిదడుగుల పట్టె పదహారడుగుల దానంత సుళువవుతుంది. వానకు నానిన గట్టు అంచు మాత్రం నమ్మదగింది కాదు. అది విరిగి జారుతుంది.

ఇక ఘర్షణ. చక్రం జారకుండా ఎక్కాలంటే ఘర్షణ గుణకం వాలు కోణపు టాన్జెంటు కంటే ఎక్కువుండాలి. ఎనిమిదడుగుల పట్టెకు అది 0.58, పన్నెండుకు 0.35, పదహారుకు 0.26. పొడి చెక్క మీద రబ్బరు టైరుకు గుణకం 0.7 అనుకున్నా, బురద పూసుకుంటే అందులో సగం కూడా మిగలకపోవచ్చు. అంటే నిన్న పొడిగా ఉన్నప్పుడు ఎక్కిన పట్టెనే ఇవాళ చినుకు పడ్డాక ఎక్కలేం. టైర్లు, పట్టెలు కడిగి తుడవాలి. పట్టెకు అడ్డంగా జానెడుకొక సన్న బద్ద మేకులతో కొట్టాలి. దమ్ము చక్రాలు విప్పి రబ్బరు చక్రాలు వేశాకే పట్టె ఎక్కించాలి. ఇనుప చక్రం చెక్కను కోస్తుంది, జారుతుంది కూడా.

అన్నిటికన్నా ఎక్కువగా మరిచేది న్యూటన్ మూడవ సూత్రం. చక్రం యంత్రాన్ని పైకి తోస్తుందంటే పట్టెను అంతే బలంతో కిందికి, వెనక్కి తోస్తున్నదన్నమాట. పట్టె పైకొన ట్రే అంచు మీద ఊరికే ఆనించి ఉంటే, 200 కిలోల తోపుకు అది జారి ఊడుతుంది. దాంతోపాటు యంత్రమూ పడుతుంది. పైగా బరువు పడగానే లారీ కమానులు వంగి ట్రే కుంగుతుంది, కొన కదులుతుంది. కాబట్టి పైకొనకు ఇనుప కొక్కెం, దానికి గొలుసు, గొలుసు లారీ చట్రానికి. ఆటోనగర్లో ఏ వెల్డింగు షాపులోనైనా ఈ పని చేసిపెడతారు. లారీకి హ్యాండు బ్రేకు వేసి, గేరులో ఉంచి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాలి.

ఇప్పుడు మనిషి సంగతి. తోలేవాడు రెండు పట్టెల మధ్య ఖాళీలో నడవలేడు. నడవడానికి మూడో పట్టె కావాలి. సాయం పట్టేవాళ్ళు పక్కనే ఉండాలి గాని వెనక నుంచి భుజం పెట్టి తొయ్యకూడదు. నలుగురు బలవంతులు కలిసినా, జారుతున్న యంత్రాన్ని కాళ్ళకు పట్టు దొరకని చోట ఆపలేరు. రోటరీ గేరు తప్పించి ఉంచాలి. ఆ బ్లేడ్లు తోలేవాడి కాళ్ళకు మూరెడు దూరంలో ఉంటాయి.

టిల్లరు పిడులకు కుడి, ఎడమ స్టీరింగు క్లచ్‌లుంటాయి. చదును నేల మీద ఎడమది నొక్కితే ఎడమ చక్రానికి ఇంజను శక్తి ఆగుతుంది, బండి ఎడమకు తిరుగుతుంది. పల్లంలోకి దిగేటప్పుడు ఇంజనే బ్రేకుగా పనిచేస్తుంటుంది. అప్పుడు ఎడమ క్లచ్ నొక్కితే ఎడమ చక్రానికి ఆ పట్టు పోయి అది వేగంగా దొర్లుతుంది, బండి కుడికి తిరుగుతుంది! చేతికి ఏళ్ళ తరబడి అలవాటైన పనికి సరిగ్గా ఎదురు. తొట్రుపడి ఇంకా గట్టిగా నొక్కితే పట్టె మీంచి పక్కకు పడటమే. అందుచేత బండిని పట్టెలకు సూటిగా నేల మీదే సర్దుకోవాలి. పట్టె మీద స్టీరింగు క్లచ్ ముట్టకూడదు, గేరు మార్చకూడదు, మెయిన్ క్లచ్ వదలకూడదు. వంకర పోతుందనిపిస్తే ఎక్కేటప్పుడైతే అదే గేరులోని రివర్సు కోసం వెతక్కుండా బ్రేకు వేసి ఆగాలి. చక్రాల వెనక దిమ్మలు పెట్టించాకే తరవాతి మాట.

చక్రాలు ట్రే అంచు దాటిన క్షణంలో ముందు భాగం దభీమని వాలి పిడులు పైకి లేస్తాయి. అక్కడ చేతులు వదిలేసిన వాళ్ళను, పట్టుకుని వేలాడిన వాళ్ళను కూడా చూశాను. మోచేతులు వంచి, యాక్సిలేటరు తగ్గించి దాటిస్తే ఆ కుదుపు చాలా తగ్గుతుంది. ఆపైన ఇంజను ఆపి, ఆయిలు కుళాయి కట్టి, నాలుగు మూలలా తాళ్ళు బిగించాలి. దింపేటప్పుడు చిన్న గేరులో, ఇంజను నడుస్తుండగానే దింపాలి. న్యూట్రల్లో వదిలితే అంత బరువునీ రెండు చేతులే ఆపాలి.