రెసిడెన్సీ సౌధము

కట్టించినవారి యవసరము తీరిన పిమ్మటను కట్టడము నిలిచియుండును. అప్పుడు దాని గతి యేమి? పడగొట్టుట యొక మార్గము. పాడుపడనిచ్చుట రెండవది. క్రొత్త పనికి వినియోగించుట మూడవది. జపాను దేశమందలి క్యోటో నగరమున 1933లో కట్టిన కియోమిజు పాఠశాల 2011లో మూతపడెను. ఆ పాత కట్టడమును నిలుపుకొని, 2020లో దానిని హోటలుగా మార్చిరి. మన హైదరాబాదులో నిందుకు విపరీతముగా, అధికార వైభవమునకై కట్టిన సౌధము విద్యాలయమయ్యెను. అదియే కోఠిలోని రెసిడెన్సీ.

ఈస్టిండియా కంపెనీవారు నిజాము కొలువున నుంచిన తమ ప్రతినిధిని రెసిడెంటు అనుచుండిరి. 1798 మొదలు 1805 వరకు ఆ పదవియందుండిన జేమ్సు ఆకిలీస్ కిర్క్‌పాట్రిక్ మూసీనది యుత్తరపుటొడ్డున 1803లో ఈ సౌధమును కట్టింప నారంభించెను. దీనికి రూపకల్పన చేసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళమునకు చెందిన శామ్యూల్ రస్సెల్. వ్యయము భరించినవాడు నిజాము ప్రభువు. కంపెనీ యధికారమును చాటు భవనమునకు హైదరాబాదు బొక్కసమే ధనమిచ్చుట గమనింపదగిన విషయము.

సౌధపు ముఖభాగమున ఆరు మహాస్తంభములు కలవు. వాని తలలందు ఆకుల చెక్కడము కనబడును. ఈ రీతి ప్రాచీన గ్రీకు, రోమను కట్టడముల నుండి వచ్చినది. స్తంభములపైని త్రికోణాకారపు గోడమీద కంపెనీవారి రాజచిహ్నము నిలిపిరి. విశాలమైన మెట్లకు ఇరుప్రక్కల రెండు సింహములు కూర్చుండియున్నవి. లోపల ఎత్తైన దర్బారుశాల యున్నది. దాని పైకప్పు నలంకరించుటకు కాగితపు గుజ్జుతో చేసిన పనితనమును వాడిరి. రూపము పరదేశపుదైనను, పైపూత మన దేశమున చిరకాలముగా వాడుకలోనున్న సున్నపు గచ్చే.

కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు కులీన వంశమునకు చెందిన ఖైరున్నీసా బేగమును వివాహమాడెను. ఆమె కొరకు తోటలో రంగమహలు కట్టించెను. ఘోషాయందుండిన యామె సౌధపు ముందుభాగమును చూడ వీలులేక పోగా, దాని నమూనాను చిన్నదిగా తోటలోనే నిర్మింపజేసెనని చెప్పుదురు. తరువాతి కాలమున రంగమహలు పడగొట్టబడెను. చిన్న నమూనా మాత్రము నిలిచినది.

1857 జులై 17వ తేదీన తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అలావుద్దీనులు అనుచరులతో వచ్చి రెసిడెన్సీపై దాడి చేసిరి. ఫిరంగుల ముందు ఆ ప్రయత్నము ఫలింపలేదు. తుర్రేబాజ్‌ఖాను 1859లో చంపబడెను. మౌల్వీని అండమాను దీవులకు పంపిరి. ఆ మీదట రెసిడెన్సీ చుట్టును కోటవలె గోడలు బలపరచిరి.

ఆంగ్లేయ ప్రభుత్వము 1947లో అంతరించెను. 1924లో స్థాపింపబడిన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఈ సౌధమునకు తరలివచ్చెను. పరదేశాధికారులు కొలువుదీరిన శాలలలో మన బాలికలు గ్రంథములు పఠింపసాగిరి. పరిపాలనకు గుర్తుగా నుండిన కట్టడము ఆ దినముననే ప్రజల సొత్తయ్యెనని చెప్పవచ్చును.

అయినను, నివాసమున్నంత మాత్రమున భవనము బ్రతుకదు. వాననీరు కప్పులలోనికి దిగెను, గచ్చు రాలెను, ప్రధాన సౌధము ప్రమాదకరమయ్యెను. 2002లో ప్రపంచ స్మారకనిధి సంస్థ దీనిని అపాయస్థితిలోనున్న కట్టడముల పట్టికలో చేర్చెను. పిమ్మట మరమ్మతులు జరిగినవి. పాత గోడలకు సిమెంటు పూసినచో లోపలి చెమ్మ వెలికి రాలేక గోడను తినివేయును. సున్నపు గచ్చు ఆ చెమ్మను వెలికి పోనిచ్చును. కావుననే ఇట్టి కట్టడములను బాగుచేయువారు సున్నమునే కోరుదురు. 2022లో ఈ కళాశాల మహిళా విశ్వవిద్యాలయమయ్యెను. 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. భూమికై పోరాడిన యొక పల్లెటూరి స్త్రీ పేరు రెసిడెంటుల సౌధమునకు దక్కుట చరిత్రలోని విశేషము.

ఈ ప్రశ్న రాజధానికే పరిమితము కాదు. రామకృష్ణాపూర్ వంటి బొగ్గుగనుల పట్టణమున బొగ్గు తరిగి గని మూతపడినచో, దానిని నమ్ముకొని వెలసిన కార్యాలయములు, బడులు, నివాసములు ఏమగును? వానికి తగిన క్రొత్త పని చూపి, పాత రూపమును కాపాడిన ప్రజలు రెండు మేలులు పొందుదురు: కట్టడము దక్కును, అందులో జీవించినవారి జ్ఞాపకమును దక్కును.