కరెంటు కారా, పెట్రోలు కారా? మే నెల బిల్లు చెబుతుంది

కోనసీమలో ఎవరింటి ముందు కొత్త కారు ఆగినా మొదటి ప్రశ్న ఒకటే: “ఎంతిస్తుందండి?” లీటరుకని వేరే చెప్పక్కర్లేదు. ఈమధ్య దానికి “కిలోమీటరుకి రూపాయండి, ఆయ్!” అనే జవాబు వినబడుతోంది. ఆ రూపాయి షోరూంలో పుట్టిన రూపాయి. మీ ఇంటికొచ్చేసరికి అది రూపాయిగానే ఉంటుందో, రూపాయిన్నర అవుతుందో తేల్చేది మీ గోడకున్న మీటరు. ఏడాది కరెంటు బిల్లులు, పెన్ను, కాగితం దగ్గర పెట్టుకోండి. గంట పని.

ముందు, మీరు నిజంగా ఎంత తిరుగుతున్నారు?

నోటి లెక్క వద్దు. నోటి లెక్కలో అందరమూ ఎక్కువే తిరుగుతాం. ఒకటో తారీఖున బండి మీటరు రీడింగు ఫోన్‌లో ఫొటో తీసుకోండి, మళ్ళీ ఒకటికి ఇంకోటి తీయండి. కొత్తపేట పెళ్ళిళ్ళు, రాజమండ్రి ఆసుపత్రి, అంతర్వేది తీర్థం అన్నీ అందులోనే వచ్చేస్తాయి. ఇక్కడ లెక్క కోసం నెలకి 1,000 కిలోమీటర్లు అనుకుందాం. మీ అంకె మీరు వేసుకోండి.

తర్వాత, ఇప్పుడున్న బండి ఎంత తాగుతోంది?

డ్యాష్‌బోర్డు మీద కనబడే మైలేజీని నమ్మకండి. బంకులో ఫుల్ కొట్టించండి. గన్ను తనంతట తాను ఆగిన దగ్గరే ఆపించండి, ఇంకో వంద రూపాయలకి సరిచేయమనొద్దు. మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్ళీ ఫుల్ కొట్టించి, తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించండి. కాలవగట్ల రోడ్ల మీద, ఊరూరా స్పీడుబ్రేకర్లు దాటుకుంటూ పోయే పెట్రోలు కారుకి 15 వస్తే మంచిదే. లీటరు 110 రూపాయలనుకుంటే కిలోమీటరుకి 7.33. నెలకి 7,330. డీజిల్ బండి 18 ఇచ్చి, లీటరు 97 అయితే కిలోమీటరుకి 5.40, నెలకి 5,400.

“మేం యానాంలో కొట్టిస్తామండి” అనేవాళ్ళుంటారు. పుదుచ్చేరి పన్ను వేరు కాబట్టి అక్కడ ధర తక్కువ, నిజమే. లీటరుకి 12 రూపాయలు తేడా ఉందనుకుందాం. 35 లీటర్ల ట్యాంకు నింపితే మిగిలేది 420. అమలాపురం నుంచి ఎదుర్లంక వంతెన దాటి యానాం వెళ్ళి రావడానికి దాదాపు 60 కిలోమీటర్లు, అంటే నాలుగు లీటర్లు. అదే 440 రూపాయలు! కాకినాడ వెళ్తూ దారిలో కొట్టించుకుంటే లాభం. అందుకోసమే వెళ్తే షికారు.

ఇక కరెంటు లెక్క. నిదానంగా చదవండి

చాలామంది పొరబడేది ఇక్కడే. చిన్న, మధ్య రకం కరెంటు కారు యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు ఇస్తుందనుకోండి. 1,000 కిలోమీటర్లకి 143 యూనిట్లు. కానీ మీటరులో తిరిగినదంతా బ్యాటరీలోకి చేరదు, కొంత వేడిగా పోతుంది. ఆ నష్టం కలిపితే మీటరు మీద 160 దాకా పడుతుంది.

ఈ 160 యూనిట్లని బిల్లులోని సగటు ధరతో గుణించకూడదు. ఫ్యాన్లు, ఫ్రిజ్, మోటారు, ఏసీ వాడినదాని నెత్తి మీదకెక్కి కూర్చుంటాయి ఇవి. మన రాష్ట్రంలో ఇళ్ళ కరెంటు మెట్లమెట్లుగా ఉంటుంది: 76 నుంచి 125 యూనిట్ల దాకా యూనిట్‌కి 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆ పైన 9.75.

రెండిళ్ళు చూడండి. పెంకుటిల్లు, ఏసీ లేదు, నెలకి 100 యూనిట్లు. కారు వచ్చాక 260. కారు వల్ల పెరిగేది దాదాపు 1,020 రూపాయలు. పక్కనే డాబా, రెండు ఏసీలు, 250 యూనిట్లు. కారుతో 410. ఇక్కడ పెరిగేది 1,410. సర్దుబాటు చార్జీలు, సుంకం కింద యూనిట్‌కి అర్ధరూపాయి కలపండి: 1,100, 1,490. అదే కారు, అదే తిరుగుడు, నెలకి దాదాపు నాలుగొందలు తేడా.

డాబా ఇంటివారికి ఓ దారి ఉంది. బండి చార్జింగుకి వేరే మీటరు పెట్టుకుంటే యూనిట్ 6.70. 160 యూనిట్లకి అన్నీ కలిపి 1,150 రూపాయలు. పెంకుటింటివారికి దాంతో పనిలేదు. కనెక్షను ఖర్చు, తాజా ధర మీ సెక్షన్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ఏ మీటరైనా లోడు సరిపోతుందో లేదో చూడాలి. ఇంట్లో పెట్టే మామూలు చార్జరు మూడు కిలోవాట్ల పైచిలుకు లాగుతుంది. రాత్రంతా ఆగకుండా లాగుతుంది కాబట్టి పాత వైరింగు, ఎండిపోయిన ఎర్తుగొయ్యి పనికిరావు. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, తర్వాతే షోరూంకి ఫోను చేయండి.

ఇంట్లో చార్జింగు కుదరనివారు, రోజూ హైవే మీదే తిరిగేవారు వేరే లెక్క కట్టుకోవాలి. ఫాస్ట్ చార్జర్ల దగ్గర యూనిట్ 20 రూపాయలు దాటడం మామూలే. 22 రూపాయలకి ఆరు కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకి 3.67. పెట్రోలుతో చూస్తే సగం. డీజిల్‌తో చూస్తే తగ్గేది మూడో వంతే.

మిగతా ఖర్చులు

కరెంటు కారుకి ఇంజను ఆయిలు, ప్లగ్గులు, క్లచ్చు ఉండవు. బండి బరువెక్కువ, లాగుడెక్కువ కాబట్టి టైర్లు త్వరగా అరుగుతాయి. డీజిల్ బండివాళ్ళకి ఒక మాట: బీఎస్-6 డీజిల్ కార్లలో పొగగొట్టం దగ్గరుండే ఫిల్టరులో పేరుకున్న మసి కాలిపోవాలంటే అప్పుడప్పుడు హైవే వేగంతో పోవాలి. రాజోలులో సంతకీ బడికీ తిప్పుకునే బండికి ఆ యోగం లేదు.

ఇన్సూరెన్సులో కరెంటు కార్లకి 15 శాతం రాయితీ అంటారు. ఉంది, కానీ పూర్తిగా వినండి. 2022 జూన్‌లో వచ్చిన థర్డ్ పార్టీ ధరల్లో 1,199 సీసీ పెట్రోలు నెక్సాన్‌కి ఏడాదికి 3,416 రూపాయలు. కరెంటు కార్లకి సీసీలు లేవు, మోటారు శక్తిని చూస్తారు. 65 కిలోవాట్లు దాటితే 6,712. కరెంటు నెక్సాన్ ఆ గీత దాటేసింది. టియాగో దాటలేదు, దానికి 2,904. రాయితీ ఇచ్చిన చేత్తోనే లాక్కోవడమంటే ఇదే.

చివరి పని: భాగహారం

అదే తరహా పెట్రోలు కారు కన్నా కరెంటు కారు మూడు లక్షలు ఎక్కువ అనుకుందాం. 1,000 కిలోమీటర్ల డాబా ఇంట్లో నెలకి 5,840 మిగులుతుంది, ఏడాదికి 70,000. నాలుగేళ్ళ పైచిలుకులో అసలు తిరిగొస్తుంది. బ్యాటరీకి ఎక్కువ కంపెనీలు ఎనిమిదేళ్ళు, లక్షా అరవై వేల కిలోమీటర్లు వారంటీ ఇస్తున్నాయి కాబట్టి తర్వాతి కాలమంతా లాభమే. నెలకి 300 కిలోమీటర్లే తిరిగితే ఏడాదికి మిగిలేది 21,000. అసలు రావడానికి పద్నాలుగేళ్ళు!

1996 నవంబరు తుపాను చూసినవాళ్ళకి కరెంటు మాటంటే వేరే బెంగ కూడా ఉంటుంది. తుపాను కబురు వినగానే బండి నిండా చార్జింగు పెట్టేసుకోండి. లంకల్లో ఉండేవారు గోదారికి వరదొస్తోందనగానే బండిని ఎత్తు మీదకి చేర్చాలి, అది ఏ బండైనా సరే.

నా తీర్పు: సొంత పార్కింగు, సొంత మీటరు ఉండి, నెలకి వెయ్యి దాటి తిరిగేవారు కరెంటు కారు కొనుక్కోవచ్చు. ఐదొందల లోపువారు పెట్రోలుతోనే ఉండండి. మధ్యలో ఉన్నవారు షోరూంకి వెళ్ళేటప్పుడు, ఏసీలు ఎక్కువ ఆడే మే నెల కరెంటు బిల్లు జేబులో పెట్టుకెళ్ళండి. జనవరి బిల్లు చూపించి లెక్క కట్టించుకోవద్దు.