పెట్రో రసాయన కంపెనీ - దాని బాధ్యతలు

పెట్రోలియం అనగానే చాలామందికి బస్సు, స్కూటరు, గ్యాసు బండ గుర్తుకొస్తాయి. మాది వ్యవసాయ కుటుంబం కాబట్టి నాకు గుర్తొచ్చేవి వేరు. ఎద్దు ముకుతాడు ఒకప్పుడు నారతో పేనేవారు, ఇప్పుడది నైలాన్. ధాన్యపు రాశి మీద కప్పే పట్టా, యూరియా వచ్చే సంచి, బోరులో దించిన గొట్టం, పురుగుమందు డబ్బా, అన్నీ ముడిచమురు నుండి పుట్టినవే. కనుక ఈ పరిశ్రమ మనకు వద్దు అని రాయడానికి నేను కలం పట్టలేదు. అది మన పొలంలోకీ ఇంట్లోకీ వచ్చి కూర్చున్నది. వచ్చినవాడు ఎలా మసలుకోవాలి అన్నదే ప్రశ్న.

కంపెనీకి ఆర్థిక, రాజకీయ, సాంఘిక బాధ్యతలని మూడు ఉన్నాయని ఉపన్యాసాల్లో చెబుతారు. మొదటిది లాభం, పన్ను, ఉద్యోగాలు. రెండవది చట్టానికి లోబడటం. మూడవది ఊరికి మేలు చేయటం. వినడానికి బాగానే ఉంది. అయితే నిజంగా ఇవి మూడు వేర్వేరు గదులా అన్నది మన రాష్ట్రంలోనే జరిగిన ఒక సంఘటన ద్వారా చూద్దాం.

విశాఖపట్నం శివార్లలో, ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర, 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరిట ఒక కర్మాగారం వెలిసింది. 1978లో అది యు.బి. గ్రూపుకు చెందిన మెక్‌డోవెల్ కంపెనీలో కలిసింది. 1997లో దక్షిణ కొరియాకు చెందిన ఎల్.జి. కెమ్ దానిని కొని ఎల్.జి. పాలిమర్స్ అని పేరు మార్చింది. అక్కడ తయారయ్యేది పాలీస్టైరీన్. దానికి ముడిసరుకు స్టైరీన్ అనే ద్రవం. అది ఓడల్లో దిగుమతి అయ్యేది, పెద్ద పెద్ద ట్యాంకుల్లో నిలువ చేసేవారు.

ఇక్కడ కొంచెం రసాయన శాస్త్రం అవసరం. స్టైరీన్ అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసుగా మారితే పాలీస్టైరీన్ అవుతుంది. ఆ చర్యలో వేడి పుడుతుంది. ఒక కిలో స్టైరీన్ పూర్తిగా గొలుసుగా మారితే వచ్చే వేడితో ఒకటిన్నర లీటర్ల చన్నీళ్ళను మరిగే స్థితికి తేవచ్చు. చిక్కు ఏమిటంటే, ఈ చర్య యంత్రంలోనే జరగాలని నియమం లేదు. వేడి తగిలితే ట్యాంకులోనే తనంతట తానే మొదలవుతుంది. పుట్టిన వేడి చర్యను మరింత త్వరపెడుతుంది, త్వరపడిన చర్య మరింత వేడిని పుట్టిస్తుంది. రైతు బిడ్డలకు ఇది వేరే చెప్పక్కరలేదు. సరిగా ఆరని గడ్డి వామి వేస్తే నాలుగు రోజులకు లోపల ఆవిరెత్తుతుంది. పైన చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది. అందుకే మా నాన్న చెయ్యి మోచేతి దాకా వామిలోకి దూర్చి చూస్తాడు.

స్టైరీన్‌ను అదుపులో ఉంచడానికి రెండు పనులు చేయాలి. ఒకటి, దానిని ఎల్లవేళలా చల్లగా ఉంచాలి. రెండు, టెర్షియరీ బ్యూటైల్ కాటెకాల్ అనే నిరోధకాన్ని కలపాలి. అది కాలం గడిచేకొద్దీ ఖర్చయిపోతుంది గనుక మోతాదు చూసుకుంటూ మళ్ళీ కలుపుతుండాలి. ఆ మోతాదు పది లక్షల పాళ్ళకు పది పదిహేను పాళ్ళు. ఆ ట్యాంకులో సుమారు 1,800 టన్నుల స్టైరీన్ ఉన్నదన్నారు. నేను లెక్క వేసి చూశాను. కావలసిన నిరోధకం ఎంత ఎక్కువ చూసినా 27 కిలోలు! యూరియా బస్తాలో కొంచెం సగానికి పైన.

2020 మార్చిలో లాక్‌డౌన్ రావడంతో కర్మాగారం మూతపడింది. ట్యాంకు మాత్రం నిండుగా ఉంది. మే 7వ తేదీ తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు ట్యాంకు నుండి ఆవిరి బయటపడింది. స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు. పైకి పోదు, నేలబారున పాకుతుంది, నిద్రపోతున్నవారి మంచాల ఎత్తులోనే. పరుగెత్తినవారు రోడ్డు మీదే కూలిపోయారు. ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ లెక్క ప్రకారం 12 మంది చనిపోయారు, వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. పశువులు కట్టుకొయ్యల దగ్గరే ప్రాణం విడిచాయి. పశువుల సంగతి రెండో వార్తగా రాస్తారు గానీ, పాడి మీద బతికే ఇంటికి అది రెండో వార్త కాదు.

కమిటీ చెప్పిన కారణాలు చదివితే కడుపు మండుతుంది. ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ట్యాంకు అడుగున మాత్రమే ఉంది, మధ్యనా పైనా లేదు. చల్లబరచే యంత్రం రాత్రిళ్ళు నడవలేదు. నిరోధకం చాలలేదు. అంటే వామి పైన చెయ్యి పెట్టి చల్లగానే ఉందనుకున్నారు. భోపాల్‌లో 1984 డిసెంబరులో విషవాయువు వెలువడిన ట్యాంకుకు కూడా చల్లబరచే యంత్రాన్ని నెలల ముందే ఆపివేశారు. 35 ఏళ్ళు గడిచినా పొదుపు చేసే చోటు మారలేదు.

కంపెనీ ఆర్థిక బాధ్యత ఇక్కడే తేలిపోతున్నది. రాత్రిపూట కరెంటు, 27 కిలోల మందు, రెండు థర్మామీటర్లు మిగిలితే అవి ఆ నెల లెక్కల్లో లాభమే. తర్వాత ఏమైంది? చనిపోయినవారి కుటుంబానికి కోటి రూపాయల చొప్పున రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అది ప్రజల ఖజానా. మే 8న జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు జమ చేయమని కంపెనీని ఆదేశించింది. ప్రమాదకర వ్యాపారం చేసేవాడు తన తప్పు లేదని రుజువు చేసుకున్నా నష్టానికి పూర్తి బాధ్యుడేననీ, కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దదిగా ఉండాలనీ ఢిల్లీలోని శ్రీరామ్ కర్మాగారం కేసులో 1986లోనే సుప్రీంకోర్టు చెప్పింది. దానికి అయిదేళ్ళ తర్వాత వచ్చిన 1991 బీమా చట్టంలో మాత్రం ఒక ప్రాణానికి 25 వేలు రాశారు.

రాజకీయ బాధ్యత అంటే పార్టీలకు చందాలివ్వడం కాదు, ప్రభుత్వంతో నిజం చెప్పడం. తాము చేస్తున్న ఉత్పత్తికి తగిన పర్యావరణ అనుమతి తమ వద్ద లేదని ఈ కంపెనీ 2019లో ఇచ్చిన ప్రమాణపత్రంలో తానే ఒప్పుకున్నది. ఒప్పుకున్న తర్వాత కూడా యంత్రాలు ఆగలేదు, ఆపమన్నవారూ లేరు. ప్రమాదం జరిగాక కంపెనీ పెద్దలను అరెస్టు చేశారు, కొందరు అధికారులను సస్పెండ్ చేశారు. కంపెనీ ఒక్కటే దోషి అనడం సులువు. కాని తనిఖీకి వచ్చిన అధికారి కాగితం చూసి ట్యాంకు చూడకపోతే, అది ఇద్దరూ కలిసి చేసిన పనే అవుతుంది.

సాంఘిక బాధ్యత మాటకొస్తే, 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ప్రజాహిత కార్యక్రమాలకు ఖర్చు పెట్టాలి. మంచిదే. బడికి బెంచీలు, మంచినీళ్ళ ట్యాంకు ఎవరు కాదంటారు? కాని ఆ రాత్రి కర్మాగారంలో సైరన్ ఉండీ మోగలేదు. చుట్టుపక్కల జనానికి ప్రమాదం గురించీ, తీసుకోవలసిన జాగ్రత్తల గురించీ ముందే తెలియజెప్పాలని భోపాల్ తర్వాత, 1987లోనే, ఫ్యాక్టరీల చట్టంలో చేర్చారు. తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని గాలికి అడ్డంగా పోవాలి అని ఒక్క మాట చెప్పడానికి 2 శాతం అక్కర్లేదు.

మన బి.యస్సీ. కెమిస్ట్రీ మిత్రుల్లో చాలామంది రేపు ఇటువంటి చోటే షిఫ్ట్ కెమిస్టులుగా చేరతారు. మా పెదనాన్నగారి అబ్బాయి ఒక రసాయన కర్మాగారంలో పనిచేస్తున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఈ వ్యాసం సంగతి చెప్పాను. "ఒరే తమ్ముడూ, రాత్రి షిఫ్టులో గంట గంటకీ టెంపరేచర్ రాయాలి. మా దగ్గర కొందరు పది గంటలకే తెల్లారిందాకా అన్నీ రాసేసి పడుకుంటారు. కొత్తగా చేరినవాడు వద్దంటే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. నువ్వయితే ఏం చేస్తావు?" అన్నాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వామి దగ్గర నిలబడి మా నాన్న వింటున్నాడు. ఆయన కూడా ఏమీ అనలేదు, చొక్కా చెయ్యి పైకి మడిచి వామిలోకి చెయ్యి దూర్చాడు.